ఒక రిపోర్టులో ఎముక కరిగింది, ఇంకో రిపోర్టులో గట్టిపడింది: దవడ కీలు పక్కన గాలి గదులు దొరికిన ఒక కేసు

ఆమె తెచ్చిన ఫైల్లో రెండు రిపోర్టులు ఉన్నాయి. రెండూ కుడి దవడ కీలు గురించినవే. మొదటిది ఓపీజీ రిపోర్టు, అంటే రెండు దవడలూ ఒకే చిత్రంలో పడే ఎక్స్‌రే. కుడి చెంప ఎముక మొదట్లో తేనెపట్టులా నల్లటి మచ్చ ఉందని, ఎముక కరుగుతున్నట్టుందని, కణితి కావచ్చని అందులో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. రెండోది ఎంఆర్ఐ రిపోర్టు. అదే చోట స్క్లీరోసిస్ ఉంది, అంటే ఎముక మరీ చిక్కబడింది అని అందులో ఉంది. రెండు పరీక్షలకూ మధ్య తేడా మూడు వారాలే. మూడు వారాల్లో కరిగిన ఎముక గట్టిపడదు. రెండిట్లో ఒకటి తప్పయి ఉండాలి, లేదా రెండూ తప్పయి ఉండాలి.

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నేను నోటి, ముఖ ఎముకల ఇమేజింగ్ చూస్తాను, ఆపరేషన్లు చేయను. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం స్క్రీన్ ముందు కూర్చుని చూసిన సంగతులే.

ఆమె ఇబ్బంది

వయసు 41. రోజంతా మాట్లాడాల్సిన ఉద్యోగం. పద్నాలుగు నెలల్లో ఐదుసార్లు దవడ జారింది. మూడుసార్లు తనే సర్దుకున్నారు, రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి పెట్టించుకోవాల్సి వచ్చింది. చివరిసారి ఆవలిస్తుంటే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఆవలింత వస్తుందనిపిస్తే చాలు, పిడికిలి గడ్డం కింద పెట్టుకోవడం అలవాటైపోయింది. నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా రెండుసార్లు చేయి అక్కడికే వెళ్లింది.

సర్జన్ అప్పటికే ఎమినెక్టమీ, అంటే కీలు ముందున్న ఎముక గట్టును కోసి చదును చేసే ఆపరేషన్, ఆలోచనలో ఉన్నారు. అంతలో ఓపీజీ రిపోర్టులో కణితి మాట వచ్చింది. ఎంఆర్ఐ తీయించారు. అది ఇంకోలా చెప్పింది. అప్పుడు సీబీసీటీ కోసం, అంటే ముఖ ఎముకలను మూడు కొలతల్లో చూపే ఒక రకం సీటీ స్కాన్ కోసం, నా దగ్గరికి పంపారు. స్కాన్‌కు ముందు ఆమె అడిగింది ఒక్కటే: "డాక్టర్ గారూ, నాకు క్యాన్సరా?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. తీశాక చూసి, మీరు ఇక్కడ ఉండగానే చెప్తాను" అన్నాను. స్కాన్ చూడకుండా ధైర్యం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. చూశాక రెండు రోజులు ఆగమనడం అంతకన్నా ఇష్టం ఉండదు. ఆ ప్రశ్న వేసుకుని ఇంటికి వెళ్లిన మనిషికి నిద్ర పట్టదు.

కీలు నిర్మాణం, అవసరమైనంత వరకు

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే వేలి కింద కదిలేది కండైల్, అంటే కింది దవడ తల. అది కూర్చునే గుంట గ్లీనాయిడ్ ఫోసా. గుంటకు ముందు దిగువకు ఉబ్బినట్టుండే గట్టు ఆర్టిక్యులర్ ఎమినెన్స్. ఇకపై దాన్ని గట్టు అనే అంటాను. నోరు తెరిచినప్పుడు కండైల్ ఈ గట్టు వాలు వెంట కిందికి దిగుతూ ముందుకు జారుతుంది. గట్టు దాటి అవతలికి పోయి, కండరాలు పట్టేయడంతో వెనక్కి రాలేకపోతే, దాన్నే మనం దవడ జారిందంటాం.

గుంట, గట్టు రెండూ టెంపోరల్ ఎముకలో భాగాలు. గుంటకు వెనక ఉన్నది చెవి కాలువ ముందు గోడ. గుంట పైకప్పు మీద మెదడు పొర ఆనుకుని ఉంటుంది. ఆ పైకప్పు చాలామందిలో ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది, కొందరిలో అంతకన్నా పలుచన. దంతాల మీద పనిచేసే మనం ఈ కీలును కింది దవడ వైపు నుంచే చూస్తూ వచ్చాం కాబట్టి, పైన ఉన్నది ఇంత పలుచని రేకు అన్నది చాలాసార్లు మన మనసులో ఉండదు.

టెంపోరల్ ఎముకకు ఇంకో లక్షణం ఉంది, ఈ కేసుకు మూలం అదే. చెవి వెనక ఉండే మాస్టాయిడ్ భాగం గట్టి ఎముక కాదు, లోపల గాలి గదులు. మధ్య చెవి నుంచి మొదలైన పొర చిన్నతనం నుంచే ఎముకలోకి చొచ్చుకుపోతూ గదులు చేసుకుంటుంది. కొందరిలో అది మాస్టాయిడ్‌తో ఆగదు. చెవి కాలువ పైనుంచి ముందుకు పాకి చెంప ఎముక మొదట్లోకి (ఇదీ టెంపోరల్ ఎముక నుంచి ముందుకు వచ్చే కొమ్మే), అక్కడి నుంచి గట్టులోకి వచ్చేస్తుంది. ఇలా ముందుకు వచ్చిన గదులు ఎక్కువగా యుక్తవయసు దాటిన వాళ్లలోనే కనిపిస్తాయి.

టిండాల్, మాటెసన్ అనే ఇద్దరు దీన్ని 1985లో ఓపీజీల మీద వివరంగా రాశారు. వెయ్యికి పైగా ఓపీజీలు చూస్తే 2.6 శాతం మందిలో కనిపించిందన్నారు. గుర్తుపట్టే లక్షణాలు కూడా వాళ్లు చెప్పినవే ఇప్పటికీ వాడుతున్నాం. చెంప ఎముక మొదట్లోనో గట్టులోనో మాస్టాయిడ్ గదుల్లాంటి నల్లటి చోటు ఉండాలి. అది ముందుకు ఎంత వచ్చినా చెంప ఎముక, టెంపోరల్ ఎముక కలిసే అతుకు దాటకూడదు. ఎముక ఉబ్బకూడదు, బయటి పొర చెదరకూడదు. తర్వాత సీబీసీటీతో చూసిన వాళ్లకు ఇది 8 శాతం నుంచి 20 శాతం పైదాకా దొరికింది. జనం ఎముకలు మారలేదు, చూసే పద్ధతి మారింది. ఓపీజీలో ఆ చోటు మీద ఎన్నో నీడలు ఒకదానిపై ఒకటి పడతాయి, చిన్న గదులు వాటిలో కలిసిపోతాయి.

స్కాన్‌లో కనిపించింది

రెండు కీళ్లూ, రెండు చెవి కాలువలూ, మాస్టాయిడ్ ముందు భాగమూ పడేలా ఫీల్డ్ పెట్టాం. వోక్సెల్, అంటే స్కాన్ చిత్రంలోని అతి చిన్న ఘనం, 0.2 మి.మీ. నోరు మూసి ఒక్కసారే తీశాం. తెరిచినప్పుడు కండైల్ ఎంతవరకు వెళ్తుందో ఎంఆర్ఐలో స్పష్టంగా ఉంది, దానికోసం ఇంకోసారి రేడియేషన్ ఇవ్వాల్సిన పని లేదు.

కండైల్ సూటిగా అడ్డంగా ఉండదు. దాని లోపలి కొన కొంచెం వెనక్కి తిరిగి ఉంటుంది, ఎంత అన్నది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే యంత్రం ఇచ్చిన అడ్డం నిలువు ముక్కల్ని (ఎముకను పలుచగా కోసి చూపినట్టుండే చిత్రాలను) అలాగే చదవకుండా, ముందు ఆక్సియల్‌లో, అంటే అడ్డ ముక్కల్లో, కండైల్ పొడవు వెంట గీత పెట్టి, దాన్నిబట్టి ముక్కల్ని తిప్పుకుంటాను. ఇది చేయకుండా కొలిస్తే గట్టు ఎత్తు, వాలు రెండూ తప్పు వస్తాయి.

కుడి గట్టు మీదికి రాగానే సమాధానం దొరికింది. ఆరేడు చిన్న గదులు, వాటి మధ్య సన్నటి తెల్లటి గోడలు. ప్రతి గోడా పదునుగా, తెగకుండా ఉంది. ఎముక బయటి ఆకారం ఎడమ వైపుతో పోలిస్తే ఏమాత్రం ఉబ్బలేదు. గదుల ముందు అంచు అతుకుకు ఇంకా 4 మి.మీ. దూరం ఉండగానే ఆగిపోయింది.

ఇంత చూసినా నేను రెండు పనులు చేయకుండా గాలి అని రాయను. ఒకటి, నలుపును నలుపుతో పోల్చడం. మెడికల్ సీటీలో గాలికి మైనస్ 1000 చుట్టుపక్కల అంకె వస్తుంది, మృదు కణజాలానికి సున్నా పైన కొన్ని పదుల్లో వస్తుంది, కాబట్టి అంకె చూసి చెప్పేయొచ్చు. సీబీసీటీలో ఆ అంకెల్ని నమ్మలేం. కానీ అదే స్కాన్‌లో, అదే ముక్కలో ఖచ్చితంగా గాలి అని తెలిసిన చోటు ఒకటి ఉంది, అదే చెవి కాలువ. విండో (చిత్రంలో నలుపు తెలుపుల స్థాయి) తిప్పుతూ చెవి కాలువ ఎక్కడ బూడిద రంగుకు వస్తుందో చూశాను. గట్టులోని గదులు కూడా సరిగ్గా అక్కడే వచ్చాయి. పక్కనే ఉన్న కండరం అంతకు చాలా ముందే తెల్లబడింది. గదుల్లో ద్రవం గానీ, కణితి గానీ ఉంటే అవి కండరంతో పాటు నడిచేవి.

రెండోది, దారి వెతకడం. ఆక్సియల్ ముక్కల్లో గట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్కే వెనక్కి జరుగుతూ వెళ్లాను. గదులు చెంప ఎముక మొదలు గుండా, చెవి కాలువ పైనుంచి, మాస్టాయిడ్ గదుల్లో కలిశాయి. మధ్యలో ఎక్కడా తెగలేదు. కణితి అయితే ఇలా చెవి దాకా తలుపులు తెరుచుకుని ఉండదు.

అప్పుడు రెండు రిపోర్టుల చిక్కు కూడా విడిపోయింది. ఎక్స్‌రేకు అడ్డుపడేది లేదు కాబట్టి గాలి ఓపీజీలో నల్లగా పడింది, చూసినవారు ఎముక పోయిందనుకున్నారు. ఎంఆర్ఐ చూసేది హైడ్రోజన్‌ను. ఎముక లోపలి మజ్జలో కొవ్వు ఉంటుంది కాబట్టి మామూలు గట్టు టీ1 అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో తెల్లగా వెలుగుతుంది. గాలిలో హైడ్రోజన్ లేనట్టే, నల్లగా వస్తుంది. చిక్కబడిన ఎముకలో కూడా మజ్జ ఉండదు, అదీ నల్లగానే వస్తుంది. టీ1లో, టీ2 అనే ఇంకో రకంలో రెండూ నలుపే. ఎంఆర్ఐ ఒక్కటే చేతిలో ఉన్నవారికి గట్టు లోపల నలుపు కనిపిస్తే మొదట స్క్లీరోసిస్ తడుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. సీటీలో మాత్రం ఈ రెండూ రెండు కొసలు, ఒకటి కారు నలుపు, ఒకటి తెల్లని తెలుపు. ఎంఆర్ఐలో కీలు పక్క ఎముక నల్లగా ఉండి, ఎక్స్‌రేలో కూడా నల్లగానే ఉంటే, అది గాలే అయి ఉంటుందని ముందు అనుకోవాలి. నిజానికి ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే సీబీసీటీకి ముందే జవాబు దొరికేది. ఎంఆర్ఐ చూసినవారి చేతికి ఓపీజీ వెళ్లలేదు.

ఎడమ వైపు నేనే ఒక పొరపాటు చేయబోయాను. కుడి వైపు కొలతలు అయిపోయాయి, ఎడమ గట్టు మామూలుగా ఉందని టైప్ చేసేశాను. సంతకం పెట్టే ముందు మొత్తం స్కాన్‌ను ఆక్సియల్‌లో ఇంకోసారి నడిపించడం నా అలవాటు. ఆ రెండో నడకలో ఎడమ గట్టు వెనక భాగంలో ఒకే ఒక్క గది కనిపించింది, దాదాపు 4 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు. గోడలు లేవు, గుండ్రంగా ఒక్కటే. ఓపీజీలో దాని జాడే లేదు. ఎడమ వైపు ఆపరేషన్ అనుకుంటే ఇది ముందే తెలియాలి. ఆ లైను కొట్టేసి మళ్లీ రాశాను. కుడి వైపు పెద్దగా ఏదో దొరికితే రెండో వైపు కళ్లు తేలిగ్గా తీసుకుంటాయి, ఇది నాకు చాలాసార్లు అనుభవం.

ఆమె బయట కూర్చుని ఉన్నారు. లోపలికి పిలిచి స్క్రీన్ చూపించాను. "ఇది క్యాన్సర్ కాదమ్మా, కణితీ కాదు. మీ ఎముకలో ఇక్కడ గాలి గదులు ఉన్నాయి. చెవి వెనక అందరికీ ఉండేవే, మీకు ఇంకొంచెం ముందుకు వచ్చాయి" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి దవడ జారేది వీటివల్లేనా?" అని అడిగారు.

కాదు. ఈ మాట ఎంత స్పష్టంగా చెప్పగలిగితే అంత స్పష్టంగా చెప్పాలి. స్కాన్‌లో వింతగా ఏదైనా కనిపించగానే బాధకంతా కారణం అదేనని అంటగట్టడం చాలా తేలిక. ఈ గాలి గదులు మామూలుగా ఏ బాధా పెట్టవు. ఆమె దవడ జారడానికి కారణాలు ఎంఆర్ఐలోనూ, కొలతల్లోనూ ఉన్నాయి. కీలును చుట్టి ఉండే తిత్తి సాగి ఉంది. కండైల్‌కూ గుంటకూ మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ముందుకు ఉన్నా, నోరు తెరిచేటప్పుడు మళ్లీ చోటికి వస్తోంది. కండైల్ గట్టును బాగా దాటి అవతలికి పోతోంది. గట్టు వాలు కూడా నిటారుగా ఉంది, కుడి వైపు 63 డిగ్రీలు. సాధారణంగా 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుందని లెక్క. ఇంత నిటారు గట్టు దాటిపోయిన కండైల్ వెనక్కి ఎక్కి రావడం కష్టం.

జబ్బు కాదు, అయినా వదిలేయకూడదు

ఇలాంటివి దొరికినప్పుడు రిపోర్టులో "నార్మల్ వేరియేషన్" అని రెండు మాటలు రాసి ముగించేవాళ్లు ఉన్నారు. రోగి టెన్షన్ తగ్గడానికి అది సరిపోతుంది, సర్జన్‌కు సరిపోదు. ఈ కేసులో అనుకున్న ఆపరేషన్ పేరు ఎమినెక్టమీ. గట్టును కోసి చదును చేసేస్తారు, ఇక కండైల్ ముందుకు వెళ్లినా అడ్డు లేకుండా వెనక్కి వచ్చేస్తుంది. 1951లో మిర్‌హాగ్ చెప్పినప్పటి నుంచి చేస్తున్న పద్ధతి, మంచి పద్ధతి. కానీ గట్టు లోపల గట్టి ఎముక ఉందన్న నమ్మకం మీద నిలబడ్డ పద్ధతి అది.

ఆమె కుడి గట్టులో కింది పొర మందం 1.1 మి.మీ. దాని పైన అంతా గాలి. బర్ (ఎముకను అరగదీసే, గిర్రున తిరిగే మొన) పెట్టిన కొద్ది క్షణాల్లోనే గదుల్లోకి వెళ్లిపోతారు. ఆ గదులు మాస్టాయిడ్‌కు, అక్కడి నుంచి మధ్య చెవికి కలిసి ఉన్నాయి. ఆపరేషన్ చేసిన చోట చీము పడితే చెవిలోకి, చెవిలో చీము ఉంటే కీలులోకి దారి ఏర్పడినట్టే. లోపలి వైపు మరీ జాగ్రత్త. గట్టు లోపలి మూడో వంతులో గదులకూ మెదడు పొరకూ మధ్య ఉన్న ఎముక అత్యంత పలుచని చోట 0.6 మి.మీ. గట్టు మొత్తం తీయాలంటే లోపలి వైపు దాకా వెళ్లాలి, సగం తీస్తే కండైల్ మళ్లీ అక్కడే చిక్కుకుంటుంది. అంటే ఆ ఆపరేషన్ సరిగ్గా చేయాలంటే ఎక్కడిదాకా పోవాలో, ఈమెలో ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

గట్టు తీసే బదులు దాన్ని ఎత్తు చేసి అడ్డుకట్ట వేసే పద్ధతులూ ఉన్నాయి. చెంప ఎముకను కోసి కిందికి దించి గట్టు ముందు నిలబెట్టడం, ప్లేటు వేసి స్క్రూలు బిగించడం లాంటివి. అవీ ఈ ఎముకనే ఆధారం చేసుకుంటాయి. గాలి గదుల మధ్య స్క్రూ పట్టదు. గదులున్న చోట కోత పెడితే అనుకున్నట్టు విరగకుండా ఇంకోచోట విరగొచ్చు.

కొలతల విషయంలో ఒక మాట. గుంట పైకప్పు చూస్తున్నప్పుడు ఒక చోట ఎముకే లేనట్టు, చిన్న రంధ్రం ఉన్నట్టు కనిపించింది. గుండె ఒక్కసారి ఝల్లుమంది. చూస్తే, ముక్క మందం 1 మి.మీ. దగ్గర ఉంది, సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల సంగతులన్నీ కలిపి సగటు చూపిస్తోంది. 0.2కు తగ్గించగానే సన్నని తెల్లటి గీత తేలింది. 0.7 మి.మీ. పైకప్పు ఉంది. ఇంత పలుచని ఎముకను మందపు ముక్కలో చూసి రంధ్రం అని రాస్తే సర్జన్ అనవసరంగా భయపడతారు. వోక్సెల్ 0.2 ఉన్నప్పుడు 0.6, 0.7 అన్న అంకెల్లో కూడా ఒక వోక్సెల్ అటూ ఇటూ ఉంటుందని రిపోర్టులోనే రాస్తాను. అది బలహీనత ఒప్పుకోవడం కాదు, అవతల కత్తి పట్టుకునే మనిషికి కొలత మీద ఎంత బరువు వేయొచ్చో చెప్పడం.

నా రిపోర్టులో ముగింపు భాగం ఇలా వెళ్లింది: "కుడి ఆర్టిక్యులర్ ఎమినెన్స్‌లో అనేక గదులున్న న్యూమటైజేషన్ (ఎముకలో గాలి గదులు ఏర్పడటం), మాస్టాయిడ్ గదులతో కలిసి ఉంది. ఎడమ వైపు ఒకే గది. ఉబ్బు, పొర చెదరడం లేవు, కణితి లక్షణాలు లేవు. గదుల్లో ద్రవం లేదు. కుడి వైపు కింది పొర 1.1 మి.మీ., మెదడు పొర వైపు కనిష్ఠం 0.6 మి.మీ., గుంట పైకప్పు కనిష్ఠం 0.7 మి.మీ. ఎమినెక్టమీ చేస్తే గాలి గదులు తప్పకుండా తెరుచుకుంటాయి." చివరి వాక్యం ఇమేజింగ్ చేసేవాడు రాయాల్సింది కాదని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ఆ సంగతి స్క్రీన్ మీద నాకు కనిపిస్తున్నప్పుడు, ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌కు తెలిసేదాకా ఆగడం న్యాయం కాదు. రిపోర్టు పంపి ఊరుకోకుండా ఫోన్ కూడా చేశాను. ఇద్దరం ఒకే స్క్రీన్ ముందు పావుగంట కూర్చున్నాం.

వెనక గోడ సంగతి

ఈ కేసులో దొరకకపోయినా, ఇదే స్కాన్‌లో నేను వెతికిన ఇంకోటి చెప్పాలి. చెవి కాలువ ముందు గోడ చిన్నపిల్లల్లో పూర్తిగా మూసుకుని ఉండదు. అందులో ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఎమిల్ హుష్కే పేరుతో పిలుస్తారు. మామూలుగా ఐదేళ్ల వయసు వచ్చేలోపు మూసుకుపోతుంది. కొందరిలో పెద్దయ్యాక కూడా ఉండిపోతుంది. అది ఉంటే కీలుకూ చెవి కాలువకూ మధ్య ఎముక లేనట్టే, ఉన్నది చర్మం, మెత్తని కణజాలం మాత్రమే.

కొన్నేళ్ల కింద ఒకాయన వచ్చారు. నమిలేటప్పుడు కుడి చెవిలోంచి పలుచటి నీరు వస్తుందని ఆయన బాధ. చెవి డాక్టరు లోపల చూస్తే ముందు గోడ మీద చిన్న బుడిపె. నోరు మూస్తే ఉబ్బుతోంది, తెరిస్తే లోపలికి పోయి గుంట పడుతోంది. కండైల్ ముందుకు జరిగినప్పుడు దాని వెనకున్న కణజాలాన్ని తనతో లాక్కుపోతుంది, వెనక్కి వచ్చినప్పుడు నెడుతుంది, అందుకే అలా. సీబీసీటీ ఆక్సియల్‌లో దాదాపు 3 మి.మీ. రంధ్రం కనిపించింది. సాజిటల్, అంటే పక్క నుంచి చూసే నిలువు ముక్కలు, ఒక్కటే చూసి ఉంటే నేను దాన్ని పట్టుకునేవాణ్ణి కాదు.

ఇది ఈమె విషయంలో ఎందుకు ముఖ్యమంటే, కీలులోకి సూది గానీ, లోపల చూసే సన్నటి గొట్టం ఆర్థ్రోస్కోప్ గానీ పంపేటప్పుడు ఆ రంధ్రం ఉంటే పరికరం నేరుగా చెవి కాలువలోకి పోవచ్చు. రెండు వైపులా మూసుకుని ఉన్నట్టు 0.2 మి.మీ. ఆక్సియల్ ముక్కల్లో చూసి రాశాను. కండైల్ తల రెండుగా చీలి ఉండటం కూడా చూశాను, లేదు. 1941లో మానవ శాస్త్రవేత్త హర్డ్‌లిచ్కా పుర్రెల్లో చూసి రాసిన ఆ రకం అరుదే గానీ, ఉంటే విరిగిన ఎముకగా పొరబడతారు.

తర్వాత జరిగింది

సర్జన్ ఎమినెక్టమీ వదిలేశారు. ముందు తేలికైన దారి ప్రయత్నిద్దామన్నారు. ఆమె చేతి నరంలోంచి తీసిన ఆమె రక్తాన్నే కుడి కీలులో డిస్క్ పైన ఉండే ఖాళీలోకి 2 మి.లీ., కీలు తిత్తి చుట్టూ 1 మి.లీ. ఎక్కించారు. రక్తం గడ్డకట్టి, అక్కడ మచ్చ కణజాలం ఏర్పడి, సాగిన తిత్తి కొంత బిగుసుకుంటుందన్న ఆలోచన మీద చేసేది ఇది.

ఇక్కడ కూడా కొలతలు పనికొచ్చాయి. సూది చోటు గుర్తించడానికి చెవి ముందు ఉండే చిన్న తమ్మె మధ్య నుంచి కంటి బయటి మూల దాకా గీత గీస్తారు. మొదటి గుర్తు తమ్మెకు 10 మి.మీ. ముందు, గీతకు 2 మి.మీ. కింద. అక్కడి నుంచి సూది గుంటలోకి వెళ్తుంది. కీలు లోపల ద్రవం పంపి కడగడానికి రెండో సూది వాడితే దాని గుర్తు 20 మి.మీ. ముందు, 10 మి.మీ. కింద, అది గట్టు ఉండే చోటు. కీలు కడగడం కూడా ఆ రోజే చేద్దామని మొదట అనుకున్నారు. ఆ రెండో సూది మొన తగిలే చోట పొర 1.1 మి.మీ., దాని వెనక గాలి అని తెలిశాక, ఒకే సూదితో రక్తం మాత్రం ఎక్కించి సరిపెట్టారు. పైకప్పు 0.7 మి.మీ. కాబట్టి మొదటి సూదిని కూడా పైకి ఎక్కువ వంచకుండా, 25 మి.మీ. లోతు దాటనివ్వకుండా, ఎముక తగలగానే ఆపుతూ వెళ్లారు.

రెండు వారాలు తల చుట్టూ కట్టు, నోరు ఎక్కువ తెరవకుండా మెత్తని ఆహారం. తర్వాత నాలుకను అంగిలికి ఆనించి నోరు తెరిచే వ్యాయామాలు. మూడో నెలలో ఒకసారి జారబోయింది, వెంటనే తనే సర్దుకున్నారు. దాని తర్వాత ఇంకోసారి రక్తం ఎక్కించారు. ఈ రాత రాసేనాటికి పదకొండు నెలలు, మళ్లీ జారలేదు. నోరు గరిష్ఠంగా తెరిస్తే 38 మి.మీ. వస్తోంది. ఇది పనిచేయకుండా పోతే ఏం చేయాలన్నది కూడా సర్జన్ ఆమెతో ముందే మాట్లాడి ఉంచారు. అప్పుడు చెవి సర్జన్‌ను పక్కన పెట్టుకుని చేయాలన్నది ఆయన నిర్ణయం.

మళ్లీ స్కాన్ తీద్దామా అని ఆమె పోయిన నెల అడిగారు. గదులు పెరిగాయేమోనని ఆమె అనుమానం. ఈ వయసులో అవి పెరగవని, చెవి నొప్పో, చీమో వస్తే తప్ప మళ్లీ చూడాల్సిన అవసరం లేదని చెప్పాను. పాత ఓపీజీ కవరు మీద ఆ కణితి మాట అలాగే ఉంది. రేపు ఇంకెవరైనా పన్ను కోసం ఓపీజీ తీస్తే అదే మచ్చ మళ్లీ కనిపిస్తుంది, మళ్లీ అదే భయం మొదలవుతుంది. అందుకని ఒక చిన్న కాగితం మీద "కుడి, ఎడమ ఎమినెన్స్‌లలో గాలి గదులు, సీబీసీటీలో నిర్ధారణ అయింది, బయాప్సీ అవసరం లేదు" అని రాసి, తేదీ వేసి, సీడీతో పాటు ఆమెకిచ్చాను. దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆవలింత వస్తే పిడికిలి మాత్రం ఇంకా గడ్డం కిందికే వెళ్తోంది. అది మానొద్దని సర్జన్ కూడా చెప్పారట.